ఎదురుకొట్టు కొలతల పుస్తకం

తిరుప్పూరు నుంచి

గుణా,

నువ్వు దొంగతనం చేశావు. పొరపాటు అనకు, వ్యాపారం అనకు. కంటికి ఆపరేషన్ చేయించుకుని పడుకున్న మనిషి దగ్గర కొలతల పుస్తకం నమ్మకంగా తీసుకున్నావు. అందులో ఉన్న గిరాకీకి బట్టలు కుట్టి, కాలరు లోపల మన కొట్టు లేబులు వేసి ఇచ్చావు. ఇవాళ ఎదురుకొట్టు ఏసుపాదం మామ ఉగాదికి కొట్టు ఖాళీ చేస్తానంటున్నాడంటే దానికి రెడీమేడ్ షాపులు కారణం కాదు, ఆయన వయసు కాదు, ఆయన కన్ను కాదు. నువ్వు. నీ వెనక నేను. నా సంగతి కూడా రాస్తాను, తొందరపడకు.

ఉత్తరానికి ఒక మర్యాద ఉంది. ముందు అక్కడ అందరూ ఎలా ఉన్నారని అడగాలి, ఇక్కడి క్షేమం చెప్పాలి, నిష్ఠూరాలు ఆ తర్వాత. నేను తిరగేసి రాశాను. ఇప్పుడు అడుగుతున్నాను. మరదలు భాగ్య ఎలా ఉంది? పాప దగ్గు తగ్గిందా? చిన్నాయన మోకాళ్లకు నేను పంపిన నూనె రాస్తున్నారా, లేక ఆ సీసా గూట్లో అలంకారానికి పెట్టారా? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. ఫోన్లో అయితే నేను రెండో మాటకు వచ్చేలోపు నువ్వు "సరేలేన్నా, గిరాకీ వచ్చినారు" అని పెట్టేస్తావు. కాగితానికి ఆ సౌకర్యం లేదు. చివరి దాకా చదవాల్సిందే.

ఇక్కడ ఎండ అప్పుడే మొదలైంది. మన కార్వేటినగరం ఎండ కాదు, గాలితో కలిసి ముఖానికి కొట్టే ఎండ. నీళ్లు ఉప్పగా ఉంటాయి, కాఫీ కూడా ఉప్పగానే అనిపిస్తుంది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మళ్లీ ఇడ్లీ. సంగటి ముద్ద, రోట్లో నూరిన ఊరుబిండి కళ్లలో మెదులుతున్నాయి. ఎవరైనా ఇటు వస్తుంటే రాగిపిండి కాస్త పంపు. ముక్కులో ఎప్పుడూ దూది నూగు ఉంటుంది. తుమ్మితే ఆ రోజు కోసిన బట్ట రంగు వస్తుంది, నవ్వకు, నిజం. గదిలో నలుగురం. ముగ్గురూ మంచివాళ్లే, కానీ నేను నోరు విప్పితే చాలు దుప్పటి ముసుగేస్తారు. సభల్లో ఉపన్యాసాలిస్తానని ఊళ్లో నన్ను "కరపత్రం" అని పిలిచేవాళ్లు కదా. ఇక్కడ ఆ పేరు ఎవరూ చెప్పకపోయినా రెండు నెలల్లో అదే అర్థం వచ్చే తమిళ పేరు ఒకటి పెట్టారు.

నేను పనిచేసేది పళనిచామి అనే ఆయన దగ్గర. చిన్న షెడ్డు, ఎనిమిది మిషన్లు, నేను కటింగ్ బల్ల దగ్గర. సందుకు అవతల పక్క అలాంటిదే ఇంకో షెడ్డు, శెల్వరాజుది. ఇద్దరూ ఒకే రకం బనియన్లు కుట్టిస్తారు, ఒకే కంపెనీల గుమ్మం ముందు ఆర్డర్ల కోసం నిలబడతారు, ఒకరి పనివాళ్లను ఒకరు లాక్కుంటారు. వారానికి రెండుసార్లు సందులో నిలబడి తిట్టుకుంటారు. నేను చేరిన కొత్తలో ఆ తిట్లతోనే తమిళం మెరుగుపరుచుకున్నాను.

పోయిన నెల మా అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మోటారు కాలిపోయింది. మర్నాడు సరుకు పోవాలి. పళనిచామి తల పట్టుకుని కూర్చున్నాడు. ఎవరు చెప్పారో తెలియదు, గంటలో శెల్వరాజు తన మిషన్‌ను ఇద్దరి చేత మోయించుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. దాన్ని దింపిస్తూ కూడా తిడుతూనే ఉన్నాడు. మోటారుకు నూనె వేయడం చేతకానివాడికి కంపెనీ ఎందుకని మా అందరి ముందూ అడిగాడు. పళనిచామి తనే బల్ల జరిపి దానికి చోటు చేశాడు. సాయంత్రం దాకా ఆ మిషన్ మా దగ్గరే ఉంది, ఆయన ఆపరేటరు కూడా.

నాకు ఊరుకునే గుణం లేదు కదా. మిషన్ తిరిగి తీసుకుపోయేటప్పుడు శెల్వరాజును అడిగాను. ఈయన సరుకు ఆగిపోతే రేపు ఆ ఆర్డరు మీకే వచ్చేది, ఎందుకిచ్చారు అని. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"వాడు మూసుకుని పోతే నేను ఎవడితో కొట్లాడేది?" అన్నాడు తమిళంలో.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కటింగ్ బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాక కత్తెర ముందుకు పోలేదు. నాయనా ఏసుపాదం మామా గుర్తొచ్చారు.

వాళ్లిద్దరి సంగతి నీకు తెలుసు. తెలిసీ మరిచిపోయావు కాబట్టి మళ్లీ రాస్తున్నాను. ఇద్దరూ ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నారు. ఒకే బజారులో ఎదురెదురుగా కొట్లు పెట్టారు. స్నేహం కోసమని పెట్టలేదు, ఆ రోజు ఖాళీగా ఉన్న గదులు అవే. నాయన కొత్త అద్దం తెచ్చి పెడితే వారంలో మామ కొట్లో అంతకంటే నిలువెత్తు అద్దం వెలిసేది. మామ రేడియో పెడితే నాయన దానికంటే గట్టిగా అరిచేది పెట్టాడు. పనిలేని మధ్యాహ్నాల్లో వీధికి అటూ ఇటూ మాటలు విసురుకునేవాళ్లు.

"ఏం ఏసుపాదం, ఆ రెడ్డికి ప్యాంటు కుట్టినావా, గోనెసంచి కుట్టినావా?"

"గోనెసంచి నీ కాడే కుట్టించినాడు లేబ్బా. దాన్ని ప్యాంటు సేసి ఇయ్యమని నా కాడికి వచ్చినాడు."

మిషన్ తొక్కుతూనే అనుకునేవాళ్లు. ఇద్దరిలో ఒక్కడూ తల ఎత్తేవాడు కాదు.

అలాంటి ఇద్దరి మధ్య ఒక పద్ధతి ఉండేది. ఒకరు మంచాన పడితే రెండోవాడు వీధి దాటి వచ్చి ఆయన కొలతల పుస్తకం, ఒప్పుకున్న బట్టలు, గుప్పెడు లేబుళ్లు తీసుకుపోయేవాడు. బట్టలు కుట్టి ఆయన లేబులే వేసి ఆయన కొట్టు నుంచే ఇచ్చేవాడు. మన లేబుల్ చుట్టను మామ కొట్లో, ఆయన లేబుల్ చుట్టను మన కొట్లో చూస్తూ పెరిగాం. నాయన మణికట్టు విరిగినప్పుడు నువ్వు చిన్నవాడివి, నాకు బాగా గుర్తుంది. రెండు నెలలు మన బట్టలన్నీ మామే కుట్టాడు. నాయన జేబు మూలల్లో కుట్టు మూడు పలకలుగా తిప్పేవాడు, మామ అడ్డంగా రెండుసార్లు పోనిచ్చేవాడు. ఆ రెండు నెలలూ మన లేబులు పడ్డ ప్రతి చొక్కా జేబుకూ మామ మూడు పలకల కుట్టే వేశాడు. ఎవరూ అడగలేదు. గిరాకీ ఎవరూ గమనించలేదు కూడా. నాయన ఒక్కడే కట్టు కట్టిన చేత్తో జేబు తడిమి చూసి, "మేస్త్రి" అన్నాడు. ఆయన నోట ఎదుటివాడికి అంతకు మించిన బిరుదు లేదు.

ఇదంతా బంగారంలాంటి కాలం అని రాయడానికి నా చేయి రాదు. అందులో ఒక మోసం ఉంది, అదీ మనదే. కోటు కటింగులో మామను మించినవాడు పుత్తూరు దాకా లేడు. కానీ మన ఊళ్లో కొన్ని పెద్దిళ్లవాళ్లు ఆయన కొట్టు మెట్టు ఎక్కరు. ఎందుకు ఎక్కరో నీకూ తెలుసు, నాకూ తెలుసు, మామకు మనకంటే ముందే తెలుసు. వాళ్ల పెళ్లికోట్లు నాయన దగ్గరికి వచ్చేవి. నాయన ఆ బట్టను వెనక సందులోంచి మామకు పంపేవాడు. కోసింది మామ, కుట్టింది మామ, లోపల లేబులు మనది. కూలి సగానికి సగం ఇచ్చేవాడు, అందులో లోటు లేదు. పేరు మాత్రం ఇవ్వలేదు. కులం గురించి బజారు మధ్య మైకు పట్టుకుని అరిచిన నేను ఆ కోట్ల గురించి ఇంట్లో ఒక్కసారి నోరెత్తలేదు. ఎత్తాల్సింది. మాట్లాడాల్సిన చోట మాట్లాడక, నోరు మూసుకోవాల్సిన చోట మాట్లాడాను.

నాయన పోవడానికి ముందు సంవత్సరం అది. మామకు టైఫాయిడ్ వస్తే నాయన ఆయన పుస్తకం తెచ్చి కుడుతున్నాడు. మనకు మన పనే నెత్తి మీద ఉంది. నువ్వు విసుక్కున్నావు, నేను నీకు వకాల్తా పుచ్చుకున్నాను. ఇది జమీందారీ బుద్ధి అన్నాను. రాజులు రైతుల పేర్లు కవిలెల్లో రాసుకున్నట్టు మీరు మనుషుల కొలతలు పుస్తకంలో రాసుకుని మావాళ్లు, మీవాళ్లు అని పంచుకుంటున్నారన్నాను. "గిరాకీ మీద ఎవడికీ పట్టా లేదు" అన్నాను. ఆ మాట బాగుందని నాకే అనిపించి రెండోసారి కూడా అన్నాను. నువ్వు నవ్వావు.

నాయన దారం కొరికి పక్కన పెట్టి చెప్పాడు: "పట్టా ఎవడడిగినాడురా? ఈ లేబులు గిరాకీని కట్టేసే తాడు గాదు. పడుకున్నోడు లేసి వొచ్చినాక కూసునేదానికి వాని పీట వానికి ఉండాల. అంతే."

దానికీ ఏదో ఎదురు చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. నాయన మళ్లీ మిషన్ తొక్కసాగాడు, నేను గెలిచాననుకున్నాను. వాదనలో గెలవడం నాకు అంత అలవాటైపోయింది, అవతలివాళ్లు ఊరుకుంటే ఒప్పుకున్నారనుకునేవాణ్ణి.

ఇక నీకు తెలియని సంగతి. ఆపరేషన్‌కు ముందు మామ నాకు ఫోన్ చేశాడు. కంట్లో పొర ముదిరింది, తీయించుకుంటే కొన్ని వారాలు సూది వైపు చూడొద్దన్నారు, క్రిస్మస్ బట్టలు ఒప్పేసుకున్నాను అన్నాడు. చర్చివాళ్లు ఏడాదికి ఒకసారి కుట్టించుకునే కొత్తబట్టలు ఆయనకు ఎంతటి పనో నీకు చెప్పక్కర్లేదు. చివరికి అడిగాడు.

"మీ నాయన ఉండింటే అడిగేవాణ్ణి గాదు అప్పా. పుస్తకం గుణ కాడ పెట్టేదా?"

"పెట్టు మామా. నేనుండాను గదా" అన్నాను.

నేనెక్కడున్నాను గుణా? కొండలు దాటి, భాష దాటి, ఇంకో రాష్ట్రంలో బనియన్లు కోస్తున్నాను. అయినా ఉన్నానని చెప్పాను. ఆయన నిన్ను నమ్మి పుస్తకం ఇవ్వలేదు, నన్ను నమ్మి ఇచ్చాడు. నీకు ఫోన్ చేసి ఒక్క మాట గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూ డిసెంబరు దాటించాను.

తర్వాత జరిగింది భాగ్య చెప్పింది. ముందే అంటున్నాను, ఆమె చాడీ చెప్పలేదు. నేనే ఫోన్ చేసి, మామ కన్ను ఎలా ఉందని అడిగి, ఆమె తటపటాయిస్తుంటే గుచ్చి గుచ్చి రాబట్టాను. నువ్వు మామ లేబుళ్లు అయిపోయాయని మొదటి రెండు చొక్కాలకు మనవి వేశావట. అవి బాగున్నాయని ఎవరో అనేసరికి మిగతా అన్నింటికీ అవే వేశావట. బట్టలు ఆయన కొట్టు నుంచి కాక మన కొట్టు నుంచే ఇచ్చావట. పోనీ, కుట్టడమైనా సరిగ్గా కుట్టావా? మామ పుస్తకంలో అంకెల పక్కన చిన్న చిన్న గీతలుంటాయి. ఎవరి భుజం దిగి ఉంటుందో, ఎవరు ముందుకు వంగి నడుస్తారో ఆ గీతల్లో ఉంటుంది. నాయన ప్రతిసారీ మామ మంచం పక్కన కూర్చుని ఒక్కో గీత అడిగి తెలుసుకుని కుట్టేవాడు. నువ్వు అంకెలు చదివి బట్ట కోశావు. చర్చిలో పాటలు పాడించే ఆ పెద్దాయనకు ఎడమ భుజం దిగుడు. నువ్వు కుట్టిన చొక్కా వేసుకుని పండగ పూట అందరి ముందూ ఒక పక్కకు జారిపోయిన కాలరుతో నిలబడ్డాడు.

ఆ చొక్కా పట్టుకుని ఆయన ఎక్కడికి పోతాడు? తను బట్ట ఇచ్చింది ఏసుపాదానికి. తిన్నగా మామ ఇంటికే పోయాడు. మామ నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద ఉన్నాడట. కొలత తప్పావని పెద్దాయన అంటే, తప్పాను, ఇలా ఇవ్వు, సరిచేస్తాను అన్నాడట. హుక్కులు కుట్టడానికి మామ భార్యకు ఇవ్వాల్సిన జాకెట్లు తీసుకుని భాగ్య ఆ సమయానికి అక్కడే ఉంది. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"కుట్టు ఇప్పేదానికి మామ కాలరు తిప్పినాడు బావా. లేబులు కంటికి ఆనలేదు. ఏలితో తడిమినాడు. అక్షరాలు తడిమి తడిమి సూసినాడు. నా పక్క తిరిగి, నీళ్లు తాగతావా అమ్మా అన్నాడు. నాకు యాడికి పోవాల్నో తెలీలేదు."

అంతే. నిన్ను పిలిచి అడగలేదు. పుస్తకం తెమ్మనలేదు. జనవరి గడిచింది, కళ్లద్దాలు వచ్చాయి, కొట్టు తలుపు మాత్రం తెరవలేదు. ఉగాదికి గది ఖాళీ చేసి నగరిలో కూతురి దగ్గరికి పోతాడట, అక్కడ ఎవరో నైటీలు కుట్టిస్తారట, రోజుకూలికి. మెడలో టేపు వేసుకుని నలభై ఏళ్లు తన గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి!

నీకు ఫోన్ చేసి తిట్టాను. తిట్లన్నీ విని నువ్వు ఒక్కటే అన్నావు: "నువ్వే గదన్నా అన్నింది, గిరాకీ మీద ఎవడికీ పట్టా లేదని."

నేను ఫోన్ పెట్టేశాను. నువ్వు గెలిచావనుకుని ఉంటావు. నాకు తెలుసు ఆ రుచి.

జవాబు వెతుక్కోవడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది, విను. గిరాకీ మీద ఎవడికీ పట్టా లేదు, నిజమే. ఆ చర్చి పెద్దాయన తనంతట తాను మన గుమ్మం ఎక్కితే కుట్టు, మన లేబులే వేయి, నీ పనితనం చూపించి మామను ఓడించు. పోటీ అంటే అదీ. నాయనా చేశాడు, మామా చేశాడు. కానీ మనిషి మంచం మీద ఉంటే, ఆయన అప్పగించిన పుస్తకం తెరిచి గెలవడం పోటీ కాదు. తిరుపతిలో నాలుగంతస్తుల బట్టల షాపులు, సెల్‌ఫోన్లో నొక్కితే ఇంటికొచ్చే చొక్కాలు మన ఇద్దరి కొట్లనూ కలిపి మింగడానికి చూస్తున్నాయి. వాటి మీద నీకు కోపం రాదు. వాటి ముందు చేతులు కట్టుకుంటావు. నీ మగతనమంతా పన్నెండడుగుల వీధికి అవతల కన్ను కనిపించని ముసలాయన మీద. ఎదురుకొట్టు మూతపడితే బజారుకు వచ్చే జనం నీ దగ్గరికి వస్తారనుకుంటున్నావు. రెండు కొట్లుంటే అది కుట్టుపనివాళ్ల బజారు. ఒక్క కొట్టు మిగిలితే దాన్ని వెతుక్కుంటూ ఎవరూ రారు, బస్సెక్కి పుత్తూరు పోతారు.

మామకు కూడా ఫోన్ చేశాను. కన్ను బాగుందన్నాడు, నా ఆరోగ్యం అడిగాడు, ఇక్కడ నీళ్లు పడ్డాయా అని అడిగాడు. పుస్తకం మాట నేనే ఎత్తాను. "పోనీలే అప్పా, పిల్లోడు" అన్నాడు. నీకు ముప్పై ఎనిమిదేళ్లు. ఆయన కోపగించుకుని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. నేను క్షమించమని అడగబోయాను. పదేళ్లు ఉపన్యాసాలిచ్చిన నోటికి ఆ ఒక్క మాట రాలేదు, రాగిపిండి గురించి ఏదో మాట్లాడి పెట్టేశాను.

ఈ షెడ్డులో సెలవు అడిగాను, సరుకు పోయేదాకా కుదరదన్నారు. ఉగాదికి ముందు నేను రాలేను. వచ్చేసరికి ఆ గది తాళం ఇంకొకరి చేతిలో ఉంటుంది. అందుకే ఈ పని నీ చేత చేయించుకోవాల్సిన గతి పట్టింది నాకు. నీ మీద ఇంత కోపంగా ఉన్నవాణ్ణి నీకే మొక్కుతున్నాను.

చిన్నాయనకు పాదాలకు దండాలు చెప్పు, నన్ను దీవించమని అడుగు. పాపకు ముద్దులు. భాగ్యకు ఆమె బావ అడిగాడని చెప్పు. నేను వేళకు తింటున్నాను, నిద్రపోతున్నాను, నా గురించి దిగులు పెట్టుకోవద్దు. నువ్వు ఈ ఉత్తరం చించినా నా తమ్ముడివే, అందుకే ఇంత రాశాను.

ఇట్లు, నోరు పెద్దదైనా చేయి అందని నీ అన్న,
చెంగల్రాయులు

నువ్వు చేయాల్సినవి:

పుస్తకం మామకు తిరిగి ఇవ్వాలి. నువ్వే ఇవ్వాలి, భాగ్య చేత పంపొద్దు. పట్టపగలు, బజారులో జనం ఉన్నప్పుడు వీధి దాటాలి.

తీసుకోనంటే ఇంటికొచ్చి నాకు చెప్పుకోవద్దు. మర్నాడు మళ్లీ పోవాలి.

క్రిస్మస్ బట్టలు కుట్టిన ప్రతి ఇంటికీ పోయి, అది మామ ఒప్పుకున్న పని అని చెప్పాలి. వాళ్లు ఇస్తే మన లేబులు విప్పి ఆయనది వేయాలి. నవ్వితే నవ్వనివ్వాలి.

పెద్దిళ్లకు కూడా పోవాలి. ఇన్నేళ్లు వాళ్ల పెళ్లికోట్లు కోసింది ఎవరి చేయో పేరు పెట్టి చెప్పాలి.

మామ మళ్లీ తన పీట మీద కూర్చునేదాకా బడి యూనిఫారాల్లో ఆయనకు వచ్చే పని నువ్వు కుట్టాలి, ఆయన లేబులుతో, ఆయన గీతలు అడిగి తెలుసుకుని.

ఆ గది యజమానిని కలిసి, ఉగాదికి ఎవరికీ మాట ఇవ్వొద్దని అడగాలి.

నాతో చెప్పినందుకు భాగ్యను ఒక్క మాట అనకూడదు.

తనను నమ్మి పుస్తకం ఇస్తే మాట నిలబెట్టుకోలేనందుకు అన్న తలదించుకున్నాడని మామకు చెప్పాలి. దానికి ఆయన ఏమంటాడో, తిట్టినా సరే, ఒక్క ముక్క తగ్గించకుండా నాకు రాయాలి.